తువ్వాల కింద ఖాతా

ఎనభై మూడులో హన్మకొండలోని ఒక బ్యాంకులో గుమస్తా మల్లికార్జున్ ఏదీ మెల్లగా అడిగేవాడు కాదు. పేదోళ్ల సొమ్మంటే ఊరందరూ వినాల్సిన సొమ్మని అతని లెక్క. చదువు రానివాళ్లు పాస్‌బుక్ చేతికిచ్చినా సరే, కిటికీ ముందు నిలబడి నంబరు, కావాల్సిన రూపాయలు నోటితో చెప్పాలి. అతను అంతకన్నా గట్టిగా తిరిగి చెప్తాడు. షావుకార్లను మాత్రం లోపల కుర్చీలో కూర్చోబెట్టి గుసగుసలాడతారు. దీన్ని పద్ధతి అంటారు!

రాజక్క పాలమ్మి కూడబెట్టింది ఆ బ్యాంకులోనే ఉంది. హసన్‌పర్తిలో మరిది రాయమల్లు ఇంట్లోంచి బయటపడి వేరే గది తీసుకోవడానికి ఆమెకు ఆ రోజు బయానా డబ్బు కావాలి. ఎంతుందో తెలిస్తే రాయమల్లు ఇంటి ఖర్చని అంతా గుంజుకుంటాడు. తోడొచ్చానని చెప్పి, చెవులు నిక్కబొడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

మల్లికార్జున్ నంబరు, రూపాయలు చెప్పమని అరిచాడు. రాజక్క, నెత్తిన పాలక్యాను కింద పెట్టుకునే తువ్వాల తీసి అతని చేతి మీద కప్పింది.

"నోటితోని చెప్ప సారూ. అంగట్ల బర్రెను కొన్నా గిట్లనే చెప్త."

పశువుల అంగడిలో బేరమంతా తువ్వాల కిందే. ఏ వేలు పట్టుకుంటే ఎంతో బేరం కుదిర్చే దలాల్‌కు తెలుసు, కొనేవాడికి తెలుసు. పక్కవాడికి తెలియదు. మల్లికార్జున్‌కు మాత్రం చక్కిలిగింత పుట్టింది. చెయ్యి లాక్కుని మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. మేనేజరు రూల్సు పుస్తకం తిరగేశాడు. వేళ్లతో చెప్పకూడదని ఎక్కడా లేదు. ప్యూనును పంపి అంగడి నుంచి దలాల్ కొమురెల్లిని పిలిపించాడు.

కొమురెల్లి తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. రాజక్క వేళ్లు నొక్కింది. అతను తల అడ్డంగా ఊపి వేరే వేళ్లు నొక్కాడు. ఆమె మళ్లీ నొక్కింది, అతనూ మళ్లీ నొక్కాడు. చివరికి అతనే వెళ్లి గుమస్తా చెవిలో చెప్పాడు. డబ్బు వచ్చింది. రాజక్క తువ్వాల కిందే లెక్కపెట్టుకుంది. తక్కువుంది.

"గిదేంది కొమురన్నా?"

"కిందికి దించిన బిడ్డా. మొదలు చెప్పిన ధరకు ఎవలన్న ఇస్తరా?" అన్నాడు కొమురెల్లి. పిలిచింది బ్యాంకు గనుక బ్యాంకుకే లాభం చూశాడు.

ఆమె సొమ్ముకు ఆమెతోనే బేరం! అరిచి అడిగితే అంకె బయటపడుతుంది. రాజక్క అరవలేదు. మళ్లీ తువ్వాల కప్పి కొమురెల్లి చిటికెన వేలు వెనక్కి వంచింది. మొదలు చెప్పిన ధరకు వచ్చేదాకా వదల్లేదు. అతను మళ్లీ గుమస్తా చెవిలో చెప్పాక మిగతా నోట్లూ వచ్చాయి.

రాయమల్లు ఆగలేక ఎంతకు తెగిందని దలాల్‌ను అడిగాడు.

"తువ్వాల కిందిది చెప్తే నన్ను రేపు అంగట్లకు రానియ్యరు," అన్నాడు కొమురెల్లి, వేలు ఊదుకుంటూ.

మల్లికార్జున్‌కు ఇంకో రూలుంది. ఖాతాలో మిగిలిందెంతో చదివి వినిపించాలి. పాస్‌బుక్ ఎత్తిపట్టి గొంతు సవరించుకున్నాడు. రాజక్క కిటికీలోంచి తువ్వాల అతని నెత్తి మీద కప్పి, తన తలా అందులోకి దూర్చింది.

"ఇగ చెప్పు కొడుకా. నాకొక్కదానికే చెప్పు."

మల్లికార్జున్ మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడాడు. రాయమల్లు కిటికీ దగ్గరికి ఉరికొచ్చాడు గానీ, లైనులో తర్వాతి మనిషి ఉప్పలయ్య, తన భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, తన వంతు వచ్చిందని అతణ్ణి వెనక్కి నెట్టాడు.

ఆ తోపులాటలోనే రాజక్క బయటపడి, పోయి బయానా కట్టింది. ఆ సాయంత్రం హసన్‌పర్తిలో రాయమల్లు పొయ్యి తానే ముట్టించుకోవాల్సి వచ్చింది.