తొట్టిలో పరిగెలు

పంప్‌హౌస్ తలుపు తీయగానే శైలజ చూపు మూలనున్న అద్దాల తొట్టి మీదికి పోయింది. మునిసిపాలిటీలో నీళ్ళు పరీక్షించే పని ఆమెది. ఏటి నీరు శుద్ధి కాకముందు సన్నటి గొట్టం గుండా ఆ తొట్టిలో పడి బయటికి పోతుంటుంది. అందులో పరిగె చేపలు ఈదుతుంటే ఊరికి భయం లేనట్టు.

ఇవాళ అన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

"నాగబాబూ! వాల్వు కట్టీ!"

వాల్వులు తిప్పే నాగబాబు టీ గ్లాసుతో వచ్చాడు. "ఏటైనాది మేడం? కోటవీధికి అప్పుడే ఇప్పీసినాను. మజ్జిలో కట్టీస్తే ఆడోళ్ళు బిందెలట్టుకొని నా ఇంటి మీదకొచ్చీస్తారు."

"కట్టీమన్నానా!"

అతను పరుగెత్తాడు. శైలజ ఇల్లు కోటవీధిలోనే. కూతురు పింకీ బడికి పోయేముందు కుళాయి దగ్గరే సీసా నింపుకుంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు గురమ్మ ఎత్తింది.

"పింకీ ఆటో ఎక్కి ఎల్లిపోనాది గదే. ఏటే, నీ గొంతలాగున్నాది?"

"కుళాయి నీళ్ళు ముట్టకండత్తా. ఎవుల్నీ ముట్టనీకండి."

రాత్రి ఎగువన వాన పడింది. అక్కడి పొలాల్లో మొన్ననే పురుగుమందు కొట్టారు.

నాగబాబు తిరిగొచ్చి తొట్టి చూసి తల గోక్కున్నాడు. "తిట్టకండి మేడం. సారోళ్ళు సూడ్డానికొస్తారని నిన్న గొట్టం కట్టీసి, బ్లీచింగేసి తొట్టి తోమీసినాను. గొట్టం మళ్ళీ ఇప్పడం మర్సిపోనాను. దానికే సచ్చిపోనాయి."

శైలజ తొట్టి నీళ్ళు గాజుగొట్టంలో పట్టి మందు చుక్కలు వేసింది. ముదురు పసుపు తిరిగింది. బ్లీచింగే.

"సెప్పలేదేటి! ఇప్పీమంటారా?" అంటూ నాగబాబు వాల్వు తాళం అందుకున్నాడు.

"ఆగు. నిన్నటి నుంచి వీటికి ఏటి నీరు తగలనేదు. ఏట్లో ఏటున్నాదో ఎవులు సెప్తారు మనకి?"

"బ్లీచింగు కలుపుతన్నాం గదా?"

"బ్లీచింగుకి పురుగు సస్తాది. పురుగుమందు సావదు."

దోమపిల్లల్ని తింటాయని పాత నూతిలో వదిలిన చేపలున్నాయి. నాగబాబు బకెట్టుతో కొన్ని తోడుకొచ్చాడు. ఈలోగా శైలజ తొట్టి కడిగి, గొట్టం తెరిచి, ఏటి నీరు నింపింది. బడికి ఫోన్ చేసి, పింకీని నీళ్ళు తాగనివ్వొద్దని, సీసాలో ఎంత ఉందో చూడమని టీచర్ అర్చనకు చెప్పింది.

చేపలు తొట్టంతా తిరిగాయి.

"సూడండి, ఎలాగ గెంతుతన్నాయో! మీరూ మీ బయమూనూ."

శైలజ అద్దం దగ్గరకు వంగింది. కాసేపటికి ఒక చేప పైకొచ్చి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఇంకొకటి ఉన్నచోటే గిరగిరా తిరిగింది. మొదటిది పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది.

నాగబాబు కింద చతికిలబడ్డాడు. "నా సేత్తోనే ఇప్పీసినాను మేడం."

ఫోన్ మోగింది. అర్చన. "సీసాలో సగమే ఉంది మేడం. పింకీ బాగానే ఉంది, కబుర్లు చెప్తోంది. ఏమైంది?"

"దాన్ని పెద్దాసుపత్రికి తీసుకురండి. కోటవీధి పిల్లలందర్నీ తీసుకురండి. నేనక్కడికే వస్తున్నాను."

నాగబాబు వైపు తిరిగింది. "ఆఫీసుకి ఫోన్ చెయ్. నీళ్ళు ముట్టొద్దని కోటవీధిలో మైకు తిప్పమను. ఎవులొచ్చినా వాల్వు ముట్టకు."

డాక్టరుకు చూపించడానికి తొట్టి నీళ్ళు ఒక సీసాలో పట్టింది. మూత బిగించబోతే మర పడలేదు. మళ్ళీ తిప్పింది, పడలేదు. నాగబాబు లేచి, ఆమె చేతిలోంచి సీసా తీసుకుని బిగించి ఇచ్చాడు.