ముందు వరుసలో కుర్చీ

ప్రతి శనివారం మధ్యాహ్నంలాగే ఆ రోజూ చిన్న కోడలు హాలు ముందు వ్యాన్‌లోంచి వైర్ల చుట్టలు దింపింది, గిటార్ ఆంప్ పెట్టె మోసింది, బావగారి కీబోర్డు స్టాండ్ బిగించింది. బావగారు టీ తాగుతూ పర్యవేక్షించారు. ఇంటి బ్యాండ్ అది. కీబోర్డూ పెత్తనమూ బావగారివి, బేస్ గిటార్ ఆమె మొగుడిది, డ్రమ్స్ మరిదివి. లీడ్ గిటార్ ఆమెది. పోస్టర్ మీద ఆ మాట ఉంటుంది గానీ హాల్లో ఆ గిటార్ ఎవరికీ వినబడి ఎరగదు.

ఆ హాల్లో మొదటి వరుస కుర్చీలు శబ్దాలవి. జనం రెండో వరుస నుంచి కూర్చుంటారు. పాట మొదలవగానే డ్రమ్స్ శబ్దం వచ్చి చివరి కుర్చీలో దబ్బున కూలబడుతుంది. బేస్ శబ్దం దాని పక్కన చేరుతుంది. కీబోర్డు శబ్దం కాళ్ళు బార్లా చాపి మూడు కుర్చీలు ఆక్రమిస్తుంది. చిన్న కోడలి గిటార్ శబ్దం లావుగా ఆయాసపడుతూ వచ్చి, బేస్ ఒళ్ళో కూర్చోబోయి, అది కసిరితే లేచి, పాట అయ్యేదాకా గోడవార నిలబడుతుంది.

"నీకు ఇవాళే ఆఖరు," అన్నారు బావగారు. "కీబోర్డులో గిటార్ బటన్ ఉంది, అది నేనే నొక్కుకుంటా. వచ్చే వారం నుంచి నువ్వు వైర్లు చూసుకుందువుగాని."

"ఇంకాస్త సౌండ్ పెంచుతాను బావగారూ."

"పోయినసారి పెంచావుగా! గోల పెరిగింది, నువ్వు వినబడ్డావా? సర్దుకోవాలమ్మా. బ్యాండంటేనే సర్దుకోవడం."

మొగుడు తీగలు బిగిస్తూ తల వంచుకున్నాడు. ఆ మెడ పుట్టడమే అలా పుట్టింది.

హాలు యజమానురాలూ సౌండ్ మిక్సర్ ముందు కూర్చునేదీ ఒకావిడే. అందరికీ పిన్ని. రిహార్సల్ విని చిన్న కోడల్ని పక్కకి పిలిచింది.

"ఈ టోన్ ఎక్కడ కుదుర్చుకున్నావే?"

"ఇంట్లోనే పిన్నీ. అందరూ బయటికెళ్ళాక, వంటింట్లో. ఒక్కదాన్నే వాయిస్తే ఎంత నిండుగా ఉంటుందో!"

"అదే కొంప ముంచింది. ఒక్కదానివే కదాని అన్నీ నువ్వే అయిపోయావు. అడుగున బరువు, పైన తళుకు. మధ్యలో నువ్వుండాల్సిన చోటే ఖాళీ. ఇక్కడ అడుగున వాయించడానికి నీ మొగుడున్నాడు, ఆ ఒక్క పనైనా చెయ్యనీ."

చిన్న కోడలు ఆంప్ మీద అడుగు స్వరాల బరువు సగానికి తగ్గించింది. గరగరలాడించే పెడల్ జోరు బాగా తగ్గించింది. మధ్య స్వరాల మిడ్ పెంచింది. తీగ మీటి మొహం చిట్లించింది.

"ముక్కుతో మాట్లాడినట్టుంది పిన్నీ!"

"విడిగా వింటే అంతే. నలుగురిలో చూడు."

"మరి కాళ్ళు బార్లా చాపే బావగారి శబ్దం?"

"అది మిక్సర్ పని కాదు, నోటి పని."

చిన్న కోడలు కీబోర్డు దగ్గరికి నడిచింది. "బావగారూ, నా వంతు వచ్చినప్పుడు ఎడమచెయ్యి తీసెయ్యండి. కుడిచేత్తో పైస్వరాలు చాలు."

"నాకే చెబుతున్నావా?"

"మీకే. అది పడుతున్నది నా చోట్లో."

మరిది నవ్వు ఆపుకోలేక తాళం ఒకటి కొట్టాడు. బావగారు మాత్రం, "చూద్దాంలే," అన్నారు.

సాయంత్రం హాలు నిండింది. శబ్దాలు వచ్చి ఎప్పటి కుర్చీల్లో అవి కూర్చున్నాయి. బావగారు ఎడమచేత్తో ఇంకా గట్టిగా బాదారు. చిన్న కోడలు పెడల్ తొక్కి మొదటి స్వరం మీటింది. తలుపు దగ్గర ఆమె శబ్దం కనబడింది, సన్నగా, నిటారుగా. గోడ వైపు చూడనైనా లేదు. తిన్నగా మధ్య కుర్చీ ముందుకొచ్చి నిలబడి, "జరగండి," అంది.

కీబోర్డు శబ్దం కాళ్ళు ముడుచుకుంది. స్టేజీ మీద బావగారి ఎడమచెయ్యి దానంతటదే లేచి, ఆయన ఒళ్ళో పడుకుంది. ఆయన దాన్ని రెండుసార్లు తట్టి చూశారు, లేవలేదు. వెనక వరుసలో ఒక ముసలాయన పక్కావిడతో, "ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి ఎక్కడుంది?" అన్నాడు. "ఇక్కడే," అందావిడ.

పాట అయింది. మిగతా శబ్దాలు ఎప్పట్లాగే లేచి వెళ్ళిపోయాయి. గిటార్ శబ్దం కాలు మీద కాలు వేసుకుని అలాగే కూర్చుంది. జనం వెళ్ళారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. అది కదల్లేదు.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని కాసేపు చూసింది. "ఇది లేచేది కాదు. వచ్చే శనివారం నుంచి హాలు నీదే. పక్కన ఎవరెవరు వాయిస్తారో నువ్వే చెప్పు. ఈ కీబోర్డాయన ఉంటాడా?"

బావగారు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నారు. చిన్న కోడలు నింపాదిగా ఆలోచించింది.

"రేపు రిహార్సల్‌కి రమ్మనండి పిన్నీ. విని చెబుతాను."