పులసకూ ఇలసకూ మధ్య నేను

నేను ఒక రిపీటర్‌ని. మీ ఇళ్లలో ఉండే సరుకును కాను కాబట్టి కాస్త చెప్పుకోవాలి. లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో కబుర్లాడుకునే హామ్‌లనే జనం ఉన్నారు. వాళ్ల చేతి సెట్టులోని మాట ఊరు దాటదు. దాన్ని అందుకుని ఇంటర్నెట్ మీదుగా మరో ఊరి రిపీటర్‌కి చేరవేయడం నా ఉద్యోగం. జపానులో పుట్టాను. విశాఖ హామ్‌లు చందాలేసుకుని తెప్పించి, కొబ్బరికాయ కొట్టి కొండమీద గదిలో కూర్చోబెట్టారు. ఆ కుంకుమ నా గాలి రంధ్రాల్లో ఇంకా ఉంది.

ఎవరితో మాట్లాడాలో వారి పేరు సెట్టులో పెడితే చాలు, ఆ మనిషి చివరిసారి ఏ ఊళ్లో గొంతు విప్పాడో చూసి మాటను అక్కడికి పంపుతాను. పనయ్యాక ఆ పేరు తీసేసి 'అందరికీ' అని మార్చుకోవాలి. మార్చకపోతే తర్వాత ఏం మాట్లాడినా ఇక్కడా వినిపిస్తుంది, అక్కడికీ పోతుంది. అంత చదువుకున్నవాళ్లూ ఇదొక్కటీ మరిచిపోతారు.

పోర్టులో రిటైరైన సన్యాసిరావు గారికి పొద్దున్నే రాజమండ్రి వీరభద్రం గారితో రేడియోలో మాట్లాడనిదే కాఫీ దిగదు. ఒకసారి వీరభద్రం గారు బస్సులో పులస పులుసు పంపారు. "ఇలాంటి పులస నా జన్మలో తిన్లేదండి," అన్నారు సన్యాసిరావు గారు. వీరభద్రం గారు పొంగిపోయి జవాబు మీట నొక్కారు. దాంతో ఆయన సెట్టులోనూ సన్యాసిరావు గారి పేరు కూర్చుంది.

ఆ వెంటనే సన్యాసిరావు గారు, పేరు మార్చకుండానే, అదే సెట్టులో పక్కవీధి మిత్రుడితో "పులసేటి, నా మొహం. అది ఒరిస్సా ఇలస," అనేశారు. సముద్రపు ఇలస చేప గోదావరికి ఎదురీదితేనే పులస అవుతుంది. గోదావరి మనిషి పంపినదాన్ని ఇలస అన్నాక ఇంకేం మిగులుతుంది? నేను పేరు చూస్తాను గానీ మాట చూడను. తీసుకెళ్లి అప్పగించేశాను.

"ఆయ్, వినపడిందండి. ఉంటానండి," అని వీరభద్రం గారు సెట్టు కట్టేశారు.

ఆ తర్వాత సన్యాసిరావు గారు రోజూ పిలిచారు. "భద్రంగారూ, ఉన్నారేటి?" కాఫీ తొరక కట్టేది. ఇన్నేళ్ల స్నేహం నోటిదూలకి పోయిందని ఆయన కుమిలిపోతుంటే, మోసినవాణ్ణి నేనే కదా, నాకూ బాధేసింది.

చాన్నాళ్లకు వీరభద్రం గారు సెట్టు తెరిచి తన ఊరి స్నేహితుడితో మొదలుపెట్టారు. "ఆయన తప్పేం లేదండి బాబూ. అది ఇలసేనండి. బజార్లో నన్ను ముంచేశారు. గోదారోణ్ణయ్యుండి పులస పోల్చుకోలేపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

ఆ రోజు సెట్టు కట్టేశారే గానీ, అందులో పేరు మార్చలేదు. మాట నా దగ్గరికొచ్చింది. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ అందించలేదు.

సన్యాసిరావు గారు గ్లాసు కింద పెట్టారు. "పులుసు మాత్రం అదిరిందండి, భద్రంగారూ."

అటునుంచి నవ్వు వినిపించింది.

ఇప్పుడు కొండమీద కొత్త రిపీటర్ ఉంది. నేను రిటైరై సన్యాసిరావు గారి వంటింట్లో గట్టుకింద ఉన్నాను. వానాకాలం గోదావరికి ఎర్రనీరు రాగానే రాజమండ్రి నుంచి పులుసు గిన్నె వస్తుంది, దాన్ని నా నెత్తినే పెడతారు. అందులో ఏ చేప ఉందన్న మాట ఇద్దరూ ఎత్తరు. సన్యాసిరావు గారు మాత్రం మూత తీసే ముందు సెట్టు దగ్గరికి వెళ్లి, పేరు తీసేసి 'అందరికీ' అని మార్చి వస్తారు.