మతలేనా కాలు

డాక్టర్ హార్లో మూడు దారులు చెప్పింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి చూడొచ్చు. నల్లబడిన వేళ్ళు మాత్రం తీసేయొచ్చు. లేదంటే మోకాలి కింద నుంచి కాలే తీసేయొచ్చు. మొదటి దాంట్లో ఆశ ఉంది, పూచీ లేదు. మూడో దాంట్లో కాలు పోతుంది, భయం తీరిపోతుంది. అన్నీ ఓపిగ్గా విడమరిచి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది.

"మీ కాలు కాబట్టి మీరే ఎంచుకోవాలి. అప్పుడే తర్వాత మీకు మనశ్శాంతిగా ఉంటుంది" అంది.

మతలేనా నవ్వింది. "మా తమ్ముడు చెప్తాడులెండి."

పక్కన నిలబడ్డ కూతురు లాంగికి ఒళ్ళు మండిపోయింది. "అమ్మా, కాలు మామయ్యదా? నీదా?"

"అరవకే, పక్క మంచం ఆవిడ నిద్రపోతోంది."

డాక్టర్ లాంగి వైపు తిరిగింది. అమ్మ చెప్పలేకపోతే ఆమె మాటగా కూతురైనా చెప్పొచ్చని, ఆలస్యం మాత్రం మంచిది కాదని అంది. లాంగి గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. ఒక కెటిల్ కొనాలన్నా నెల రోజులు వాటి గురించి చదివి, కొన్నాక కూడా ఇంకోటి బాగుండేదేమోనని కుమిలిపోయే మనిషి. "కొంచెం చదువుకుని చెప్తాను" అంది.

ఆ సాయంత్రమే సొలోమొనా ఇంటి గ్యారేజీలో చాపలు పరిచారు. సమోవా నుంచి వలస వచ్చి లోగన్ ఊళ్ళో స్థిరపడ్డ వాళ్ళ బంధువులందరికీ కూడలి ఆ గ్యారేజీయే. సొలోమొనా మతలేనాకు తమ్ముడు, కుటుంబానికి పెద్ద. ప్రార్థన అయింది. చేమదుంపల్లాంటి టారో దుంపలు, సేమ్యా కూర తిన్నారు. ఆక్లండ్‌లోని చెల్లెలు ఫోన్లోకి వచ్చింది. సమోవాలో ఉన్న పెదనాన్న కొడుకు వయసులో అందరికంటే పెద్ద, ఆయనతో మాట్లాడదామంటే లైను దొరకలేదు.

"ఆయన లేకుండా ఎలా తేలుస్తాం? రేపు మళ్ళీ కూర్చుందాం" అన్నాడు సొలోమొనా.

"మామయ్యా, అక్కడ కాలు కుళ్ళిపోతోంది!"

"అందుకేనమ్మా కూర్చున్నాం. ఒక్కరు తేల్చేస్తే ఆ తప్పూ ఒప్పూ ఒక్కరి నెత్తినే పడతాయి. అందరం ఒక మాట మీదికి రావాలి."

మర్నాడు కూర్చున్నారు. ఆ మర్నాడూ కూర్చున్నారు, అప్పటికి గాని సమోవా లైను కలవలేదు. ఒకరు నాళం తెరిపిద్దామన్నారు, ఒకరు దేవుడికి వదిలేద్దామన్నారు. ఎవరినీ నొప్పించకుండా, ఎవరి మాటా తోసెయ్యకుండా సొలోమొనా అందరినీ ఒక దరికి తెచ్చేసరికి వారాంతం అయింది. నాళం తెరిపిద్దామని తేల్చారు. ఆ కబురుతో ఆసుపత్రికి వెళ్తే డాక్టర్ హార్లో తల అడ్డంగా ఊపింది. చీము పైకి పాకింది, జ్వరం పట్టుకుంది. ఇక ఎంచుకోవడానికి మూడు దారులు లేవు. ఆ మధ్యాహ్నమే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

స్పృహ వచ్చాక మతలేనా దుప్పటి కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. "పోనీలే. అందరూ ఆలోచించే కదా చేశారు" అంది. కాసేపటికి పక్క మంచం ఆవిడతో మనవళ్ళ కబుర్లలో పడింది.

ఆ శాంతం లాంగికి కాలు పోయినదానికంటే ఎక్కువ మంట పుట్టించింది. ఆసుపత్రి నుంచి తిన్నగా గ్యారేజీకి వెళ్ళింది. సొలోమొనా ఒక్కడే చాపలు చుడుతున్నాడు.

"నీ మర్యాదలు అమ్మ కాలు తినేశాయి మామయ్యా. ఆ లైను కలిసేదాకా కాచుక్కూర్చుంటే ఏమైందో చూశావా? ఆవిడ నవ్వుతోంది. నువ్వు హాయిగా చాపలు చుట్టుకుంటున్నావు."

సొలోమొనా చాప విసిరికొట్టాడు. లాంగి ఆయన చేత్తో ఏదైనా విసరడం ఎప్పుడూ చూడలేదు.

"హాయా? ఆవిడ నాకు అక్క. ఆవిడ కంట తడి పెడితే నా బతుకెందుకు? సరే, నేను ముసలాణ్ణి, నా పద్ధతి నాది. నిన్ను డాక్టరు మొదటి రోజే అడగలేదూ? చదువుకుని చెప్తానన్నావు. చదివావా? చెప్పావా? నువ్వొక్కదానివే కదా, నీకు ఏ లైను కలవలేదు?"

లాంగి చదివింది, చెప్పలేదు. ఆ వారమంతా ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి చదువుతూనే ఉంది. ఇంకొక్కటి చూస్తే తేలిపోతుందనుకుంటూనే ఉంది. నిజం చెప్పినందుకు ఆయన మీద కోపం రెట్టింపయింది. కారు తలుపు అద్దం అదిరేలా వేసి వెళ్ళిపోయింది.

పొద్దున్నే అమ్మ దగ్గర కూర్చుని నిలదీసింది. "అసలు నీకేం కావాలనిపించిందమ్మా? ఒక్కసారి చెప్పు. నీకంటూ ఏమీ లేదా?"

మతలేనా మొహంలో నవ్వు పోయింది.

"ఏం కావాలా? ఆ డాక్టరమ్మ నా ముందు మూడు పెట్టి ఏరుకోమంది, చేపల బజారులోలాగ. ఏది ఏరుకున్నా రేపు తప్పయితే రాత్రంతా నేనొక్కదాన్నే ఏడవాలి. నాకది వద్దు. అందరిదీ అయితే ఆ ఏడుపు కూడా పంచుకోవచ్చని తమ్ముడికి వదిలాను. నువ్వేమో అందులోంచి నన్ను లాగి మళ్ళీ ఒంటరిగా నిలబెడతానంటావు. ఎందుకే నీకంత పంతం? నాకు ఉన్నదే ఒంటి కాలు!"

పక్క మంచం ఆవిడ తెర లాగేసుకుంది. మతలేనా ఇంకా ఆగలేదు.

"ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు. తీసేసిన కాలు ఏది?"

లాంగి వెళ్ళి కనుక్కుంది. ఆసుపత్రి వాళ్ళు కాల్చేస్తారట, కావాలంటే ఇస్తారట. అప్పుడే వచ్చిన సొలోమొనా ఆ మాట విని మండిపడ్డాడు. "మనిషి బతికుండగా ముక్క పాతిపెట్టడమేమిటి అక్కా? చావును పిలిచినట్టు. ఇది మనవాళ్ళు ఒప్పుకోరు."

"మనవాళ్ళని అడగడం లేదు."

"అక్కా, సాయంత్రం అందరం కూర్చుని..."

"కూర్చోవద్దు! మిగతా ఒళ్ళంతా మీదే, ఏమైనా చేసుకోండి. ఆ కాలు నాది. ఐదుగురు పిల్లల్ని చంకనెత్తుకుని తిరిగిన కాలు. చెత్తతో కాలనివ్వను. మా ఆయన సమాధి పక్కన పెట్టండి. నేనొచ్చేదాకా ఆయన కాపలా కాస్తాడు."

సొలోమొనా పాలిపోయాడు. అక్క తెగేసి చెప్పాక ఎదురాడడం ఆయనకు చేతకాదు. ఔననడమూ చేతకాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

శ్మశానం వాళ్ళ అనుమతి లాంగి తెచ్చింది. ఈసారి ఏమీ చదవలేదు, ఎవరినీ అడగలేదు. చక్రాల కుర్చీలో అమ్మనీ, మూత బిగించిన పెట్టెనీ కారులో తీసుకెళ్ళి, పెట్టెను తండ్రి సమాధి పక్కన పాతింది. సొలోమొనా రాలేదు. కుటుంబంలో ఇంకెవ్వరూ రాలేదు. పాస్టరు గారికి కూడా ఆ పూట వేరే పని పడింది. మతలేనా తనే ప్రార్థన మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ మొదటిసారిగా వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూసిందని అప్పుడు అర్థమైంది లాంగికి.

"సంతోషంగా ఉందా అమ్మా, నువ్వు అనుకున్నదే జరిగింది" అంది లాంగి. ఎంత తప్పు మాటో నోరు దాటాక తెలిసింది.

"లేదు" అంది మతలేనా ముక్కు చీదుకుంటూ. "కానీ మళ్ళీ చెయ్యమన్నా ఇదే చేస్తాను. రానివాళ్ళందరి మీదా ఒళ్ళు మండుతోంది. నీ మీద కూడా."

"నా మీద ఎందుకు?"

"కుర్చీ బురదలో దిగబడింది, చూసుకోవా? తొయ్యి."

లాంగి పళ్ళు బిగించి తోసింది.