బంపర్ మీది రెండు లైట్లు

రేసు ఏడో రౌండులో బ్రేక్ పెడల్ నేలకంటింది. వదిన మలుపు పక్కనున్న కంకరలోకి కారుని తిప్పి, టైర్ల గోడకు మూరెడు దూరంలో ఆపింది. దిగివచ్చి హెల్మెట్ తీసి, "నీ బ్రేకులు సెలవు పెట్టాయి మరిదీ" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళు టైర్ల గోడ మీదే ఉన్నాయి. మరిది ఆ మూరెడు దూరాన్నే చూశాడు.

కారు అన్నయ్యది, పాతికేళ్ళు దాటినది. అన్నయ్య పోయి మూడేళ్ళయింది. రేసులో కాదు, ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉండగా గుండె ఆగింది. ఏడాది తిరిగాక వదిన మరిది రిపేరు షెడ్డుకి వచ్చి కారు తాళం అడిగింది. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వేలేసుకోవడానికి ఖర్చేముంది? ఆమె మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టింది స్టీరింగ్ పట్టాకేనని మరిదికి ఒక్కడికే తెలుసు.

అందుకే ఇప్పుడు అతని ప్రాణం కుడితిలో పడ్డ ఎలకలా ఉంది. రెండు వారాల్లో ఇంకో రేసుంది. దాంట్లో కూడా బ్రేకులు ఇలాగే వేడెక్కి పట్టు వదిలేస్తే తాళం తన జేబులోంచి బయటికి రాదని గట్టిగా అనుకున్నాడు.

బ్రేక్ ఆయిల్ మార్చాడు, ప్యాడ్లు మార్చాడు. బంపర్ కింద నుంచి ముందు చక్రాలకు చేతిమందం గాలి గొట్టాలు వేశాడు. ఆ కారు బ్రేక్ డిస్కంటే రెండు పళ్ళేలు, మధ్యలో సందులు. గాలిని నడిమధ్యన అందిస్తే, చక్రం తిరిగేకొద్దీ డిస్కే దాన్ని లాక్కుని అంచుల్లోంచి బయటికి తోసి చల్లబడుతుంది. ఆ పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. డిస్కు అంచున వేడి పెరిగేకొద్దీ వరసగా తెల్లబడే గీతలు మూడు గీశాడు: పచ్చ, నారింజ, ఎరుపు. ఎరుపు తెల్లబడిందంటే బ్రేకులు చేతులెత్తేసినట్టే.

ట్రయల్‌కి వెళ్ళిన వదిన అయిదు రౌండ్లు తిరిగి వచ్చింది. మూడు గీతలూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

డిస్కు దాకా గాలే రావడం లేదు. బంపర్ కింద గాలి జారిపోతుంది. ఎదురుగాలి సూటిగా తగిలేది బంపర్ ముఖానికి, సరిగ్గా ఆ రెండు గుండ్రటి లైట్లు ఉన్నచోట. ఇది మరిదికి మొదటిరోజు నుంచీ తెలుసు. కానీ ఆ లైట్లు అన్నయ్య మొదటి గెలుపు నాడు స్వయంగా బిగించుకున్నవి. వాటిమీద మరిది ఇంతవరకు చెయ్యి వేయలేదు. వదిన కారెక్కే ముందు వాటిని తుడవకుండా ఎక్కదు.

"బంపర్ కింద ఇంకాస్త కోసి చూద్దాం వదినా. లేకపోతే గొట్టం సైజు పెంచి..."

"ఏదో నములుతున్నావు. కక్కెయ్."

"ఆ లైట్లు తీయాలి."

వదిన వంగి లైటు అద్దం మీద గోటితో తట్టింది. "పోయినేడాది నుంచి ఈ మాట కోసమే చూస్తున్నాను. అక్కడ గాలి తగులుతుందని నాకు మాత్రం తెలీదా? మీ అన్నయ్య గుర్తు కదా, నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నా."

"మీరు రోజూ తుడుస్తుంటే మీకు ప్రాణమనుకున్నాను!"

"నువ్వు చూస్తున్నావని తుడిచాను."

ఇద్దరి మర్యాదా కలిసి ఆమెను టైర్ల గోడ దాకా తీసుకెళ్ళింది. మరిదికి ఒళ్ళు మండింది, ముందు తనమీదే. స్పానర్ తీసుకుని ఆ కోపంతోనే బోల్టులు ఊడదీశాడు.

లైటు చేతికొచ్చింది. వెనకున్న వైర్లు జానెడు దూరం పోయి, టేపు చుట్టి, అక్కడితో ఆగిపోయాయి. రెండోదీ అంతే. వాటికి కనెక్షనే లేదు.

"వెలిగేవి కాదా ఇవి?" అంది వదిన.

"ఎప్పుడూ వెలగలేదు. ఉత్త డాబు!"

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి అలాగే ఏడ్చేసింది. అన్నయ్య పోయిన రోజున కూడా మరిది చుట్టాలకు కుర్చీలు వేస్తూ తిరిగాడు తప్ప ఏడవలేదు. ఇప్పుడు స్పానర్ పట్టుకునే భోరుమన్నాడు.

లైట్లు ఉన్న కంతల్లో గొట్టాల మూతులు బిగించాడు. డిస్కుల మీద మూడు గీతలూ మళ్ళీ గీశాడు.

రేసు పన్నెండు రౌండ్లు. ఏడో రౌండులో కారు ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మరిది కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కారు మలుపు దాటిపోయింది. వదిన నాలుగో స్థానంలో వచ్చింది. కారు ఆగగానే మరిది చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని చువ్వల సందులోంచి చూశాడు. పచ్చ గీత తెల్లబడింది. నారింజ, ఎరుపు చెక్కుచెదరలేదు.

"పెడల్?"

"మొదటి రౌండులో ఎలా ఉందో అలాగే ఉంది."

మర్నాడు షెడ్డులో బల్ల పైన గోడకి ఆ రెండు లైట్లూ బిగించి, వైరు లాగి స్విచ్చి వేశాడు. ఒకటి వెలిగింది. రెండోదాంట్లో బల్బే లేదు.

"చూశావా మీ అన్నయ్య పనులు" అంది వదిన.

మరిది జేబులోంచి కారు తాళం తీసి, వెలుగుతున్న లైటు కింద మేకుకి తగిలించాడు.