రాయి మీద బురద

నేను ఒక సీసపు గుండును. అరచేతిలో పట్టేంత ఒళ్లు, నెత్తిన తాడు కట్టే కన్నం, అడుగున ఒక గుంట. పాడైపోయిన బ్యాటరీల్లోని సీసం కరిగించి, ఎండిన బంకమట్టి అచ్చులో పోసి నన్ను చేసింది గరికిన ఎర్రయ్య. ఆయన పోయాక కొడుకు దానయ్య చేతికొచ్చాను. వాళ్లది విశాఖకు ఉత్తరాన, కొండ పక్కనే ఉన్న జాలరిపేట.

నా పని తేలికే. గుంటలో సబ్బుముద్ద కూరి నన్ను సముద్రంలోకి వదులుతారు. పైకొచ్చాక సబ్బుకి బురదంటితే అడుగున బురద, ఇసుకంటితే ఇసుక. ఏమీ అంటకుండా గాట్లు పడ్డాయా, రాయి! రాయి అంటే చేప. ఎందుకంటే పగడం పెరిగేది రాయి మీదే, చేపలు చేరేది పగడం దగ్గరే. పగడమంటే ఉంగరంలో పొదిగే పూస అనుకునేరు, అది ప్రాణి. పసిగుడ్డుగా నీళ్లలో కొట్టుకొస్తూ, కదలని గట్టి చోటు దొరికితేనే అతుక్కుని కాపురం పెడుతుంది. బురదలో దేన్ని పట్టుకుంటుంది? ఊపిరాడక చస్తుంది.

పేట పక్కనున్న కొండ ఒడ్డు దగ్గర ఆగిపోలేదు. నీళ్ల కిందుగా సాగిపోయి, దూరంగా ఒకచోట మళ్లీ వీపెత్తింది. పైన చదును, సముద్రం వైపు గోడలా నిలువు. ఒంటినిండా పగడాలు. అదే దానయ్య రాయి. కొండకొన, లైట్‌హౌసు ఒక గీతలోకి వచ్చేదాకా పడవ నడిపి ఆ చోటు పట్టేవాడు.

ఈ పేటలో ఒక రివాజు ఉంది. మంచి రాయి దొరికినవాడు అన్నదమ్ముడికైనా చెప్పడు. ఎవరైనా అడిగితే "ఏటుంది, వట్టి బురద" అంటాడు. అది అబద్ధమని అడిగినవాడికీ తెలుసు. ఎవరూ తప్పుపట్టరు.

ఒకరోజు ఫణీంద్ర అనే ఇంజినీరు పటం పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. అవతల కొత్తగా రేవు తవ్వుతున్నారు, ఆయన ఆ పని మీదే వచ్చాడు. ఎందుకో చెప్పకుండా పటం మీద వేలు పెట్టి, "కొండకి ఎదురుగా ఇక్కడ అడుగున ఏముందయ్యా?" అన్నాడు.

"ఏటీ నేదు బాబూ, వట్టి బురద," అన్నాడు దానయ్య. అలవాటైన నోరు కదా.

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. ఆ మాట నిజమో కాదో చూడటానికి నాలాంటి గుండొకటి విసిరితే సరిపోయేది. అంత చదువూ ఆ చిన్న పని దగ్గర ఆగిపోయింది.

వర్షాలు తగ్గాక దానయ్య నన్ను ఆ చోట వదిలాడు. రాయి తగులుతుందని ఒళ్లు బిగబట్టుకున్నాను. ఏదీ? మెత్తగా దిగబడిపోయాను. నా చుట్టూ నల్లటి బంక. పగడాలేవి? పైకి లాగి సబ్బు చూసి దానయ్య బిగుసుకుపోయాడు. మళ్లీ వేశాడు. మళ్లీ అదే. అప్పుడే బార్జి అనే పెద్ద మోత పడవ ఒకటి వచ్చి, కొంత దూరంలో పొట్ట తెరిచి, రేవులో తవ్విన బురదంతా దించేసి పోయింది.

ఇంటికొచ్చి పెళ్లాం పోలమ్మ ముందు కూలబడ్డాడు.

"నువ్వే కదయ్యా బురదని సెప్పినావు? అందుకే ఆడ పోస్తన్నారు. ఎల్లి నిజం సెప్పు!"

"సెప్తే పేటంతా నా రాయి మీద పడిపోద్దే."

"రాయుంటే కదా పడ్డానికి! బురదలో దాసుకుంతావేటి నీ గుట్టు?"

వెళ్లాడు. పేట పడవలన్నీ వెంటరాగా, ఇంజినీరుని ఎక్కించుకుని అందరి కళ్లముందే తన చోటికి తీసుకెళ్లాడు. నన్ను వదిలాడు. నేను పైకి తెచ్చింది బురదే.

ఫణీంద్ర నవ్వాడు. "నువ్వు చెప్పింది నిజమేగా దానయ్యా. బురదే!"

నేను నోరులేనిదాన్ని, ఏం చెయ్యను? వాళ్లు పోసిన బురద నాతోనే పైకి తెప్పించి దాన్నే సాక్ష్యమంటున్నారు!

దానయ్య పడవని కాస్త సముద్రం వైపు జరిపి మళ్లీ వదిలాడు. ఈసారి ఠంగుమని రాయి తగిలింది. గోడ వెంట దొర్లుతూ, గుద్దుకుంటూ దిగాను. నిలువు రాయి మీద బురద నిలవక జారిపోయింది, అక్కడ పగడాలు ఇంకా బతికే ఉన్నాయి. కానీ గోడ అడుగున బురద పేరుకుంటూ పైకి లేస్తోంది. నా సబ్బులో ఒక పగడపు ముక్క ఇరుక్కుని వచ్చింది. జిగురుగా, పచ్చిగా.

ఫణీంద్ర ముఖం పాలిపోయింది. "ఇది... బతికున్నదా?"

"బతికున్నాదే బాబూ. ఇంకో రెండు బార్జీలొస్తే ఇదీ సచ్చిపోద్ది."

పైవాళ్లకి చూపించాలంటూ ఆయన నన్ను రుమాలులో చుట్టి తీసుకెళ్లాడు. పైవాళ్లు చూశారు. పరిశీలిస్తామన్నారు. పరిశీలన మొదలయ్యేదాకా పని ఆపక్కర్లేదన్నారు! అప్పటినుంచి ఫణీంద్ర బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా, నేనే ఉన్నాను.

ఈ ఉదయం ఫోను మోగింది. అవతల బార్జి డ్రైవరు అరుస్తున్నాడు. "సార్, బురద దింపనివ్వట్లేదు! పేటలో పడవలన్నీ ఆ చోటే లంగరేసి కూర్చున్నాయి. ఆడోళ్లు కూడా ఉన్నారు!"

"సముద్రం మధ్యలో సరిగ్గా ఆ చోటే వాళ్లందరికీ ఎలా తెలిసింది?" అన్నాడు పక్క కుర్చీలోని పైఅధికారి.

ఫణీంద్ర నావైపు చూశాడు. ఫోను పెట్టెయ్యలేదు. దాంట్లోనే, నెమ్మదిగా అన్నాడు.

"బార్జి వెనక్కి తిప్పు."