నా ఒక్కదాని ప్రీమియం

నా భర్త డేల్ ఇంటర్వ్యూకి వేసుకునే చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. గుడ్డ లాగి పట్టుకున్నప్పుడల్లా ఎడమ చంక కింద సలుపుతోంది. అక్కడొక గడ్డ ఉంది, బఠాణీ గింజంత. స్నానం చేస్తుంటే చేతికి తగిలి పద్దెనిమిది రోజులైంది. ఎవరికీ చెప్పలేదు.

"ఇంకా రెండు రోజులుందిగా కొరిన్, కంగారెందుకు?" అన్నాడు డేల్, బూట్లు తుడుచుకుంటూ.

ప్రీమియం గడువు సంగతి. జనవరిలో ఫ్యాక్టరీ వాళ్లు తనను తీసేశాక, పాత ఇన్సూరెన్సునే మా చేతి డబ్బుతో కొనసాగిస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు పద్నాలుగు వందల ఎనభై డాలర్లు. ఒకటో తారీఖున కట్టాలి. కట్టకపోతే ముప్పై రోజుల గడువుంటుంది. ఆలోగా కడితే ఒకటి నుంచే వర్తిస్తుంది. దాటిందా, పోయినట్టే. ఫ్యాక్టరీలో పనిపోయిన మగవాళ్లందరూ దీనికొక తెలివి కనిపెట్టారు. డేల్‌దీ అదే మాట. "ఆ ముప్పై రోజులూ ఊరికే వచ్చినట్టేనోయ్. ఎవరికన్నా ఏమన్నా అయితే చివర్లో కడదాం. లేదంటే మానేద్దాం. ఇంతకీ మనింట్లో ఎవరికేమైందని?"

ఎవరికేమైందో ఈ ఇంట్లో ఎప్పుడూ నేనే చూశాను. అతని మోకాలి ఆపరేషన్‌కి ఫారాలు నింపింది నేను. అత్తగారు వెర్నా కంట్లో చుక్కలు గంట గంటకూ వేసింది నేను. ఆ రెండుసార్లూ నా రొమ్ము పరీక్ష వాయిదా పడింది. "కొరిన్‌కా? దుక్కలా ఉంది, దానికేమవుతుంది!" అని అప్పట్లో వెర్నా నవ్వింది. బడి లైబ్రరీలో ఉద్యోగం మానేసిన రోజున డేల్ ఎంతో ప్రేమగా అన్నాడు, "ఇన్సూరెన్సు నా ఉద్యోగంతో వస్తుందిగా, నీకెందుకీ తిప్పలు?" అని. చెడ్డవాడు కాదు. యాభై నాలుగేళ్ల వయసులో, అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో వల్లె వేసుకుంటున్నాడు. ఆ అవస్థ చూసే గడ్డ సంగతి చెప్పలేదు.

ఇంటర్వ్యూ ఉన్న టొలీడో ఊరి వైపు డేల్ కారు వెళ్లిపోగానే ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోన్ చేశాను.

"మీ హక్కు మీది మేడమ్," అందావిడ. "ఆయన వద్దనుకున్నా మీరు ఉండొచ్చు. కాకపోతే ఊరికే సగం డబ్బు పంపకండి. ఎవరిని ఉంచాలో ఉత్తరం రాసి చెక్కుతో పెట్టండి."

ఇరవై ఆరేళ్లుగా ఇన్సూరెన్సు కార్డు మీద నేను అతని భార్యని. "నన్ను ఒక్కదాన్నే ఉంచండి" అని రాయడానికి మూడు కాగితాలు చింపాను. అతన్ని వానలో వదిలేసి గొడుగు పట్టుకుపోతున్నట్టనిపించింది. అయినా రాశాను. పెళ్లిగౌన్లకు అంచులు కుట్టి దాచుకున్న డబ్బులోంచి ఏడు వందల నలభైకి చెక్కు.

వంటింట్లో గళ్లనుడికట్టు నింపుతున్న వెర్నా నా చేతిలో కవరు చూసి తలెత్తింది. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో చేసిన మనిషి.

"పోస్టు డబ్బాలో పడెయ్యకు బంగారం. కౌంటర్ దగ్గర నీ కళ్లముందే తేదీ ముద్ర కొట్టించుకో. వాళ్లు చూసేది ఆ తేదీనే." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రెండు వారాల్నుంచి ఆ చెయ్యి దగ్గరికి పట్టుకునే తిరుగుతున్నావు. నాకు కళ్లు బాగు చేయించింది నువ్వేగా."

వెర్నా లేచి తన కోటు నా భుజాల మీద కప్పింది.

మధ్యాహ్నం డేల్ వచ్చేసరికి, ముద్ర ఉన్న రసీదు బల్ల మీద పెట్టి, నా ఒక్కదానికే కట్టానని చెప్పాను. అతని చెయ్యి తీసుకుని ఆ గడ్డ మీద ఆనించాను. డేల్ మొహం పాలిపోయింది.

"ముందే చెప్పుంటే ఎలాగైనా కట్టేవాణ్ని కదా!"

"కట్టేవాడివే. నాకు తెలుసు. కానీ జబ్బు చూపించి అడగాలనిపించలేదు డేల్."

అతను నా భుజం మీద తల ఆనించాడు. చొక్కా అంతా నలిగిపోయింది.

"సోమవారం తొమ్మిదింటికి డాక్టరు దగ్గరికి," అన్నాను. "నువ్వూ వస్తున్నావు. చొక్కా మాత్రం నువ్వే ఇస్త్రీ చేసుకో."